విశ్వవిద్యాలయాల చిత్ర సేకరణలు: గాజు స్లైడు నుంచి డిజిటల్ ప్రతి దాకా

కళాచరిత్ర, వాస్తుశిల్పం పాఠ్యాంశాలుగా స్థిరపడిన 19వ శతాబ్దపు చివరి దశాబ్దాల్లో పాశ్చాత్య విశ్వవిద్యాలయాలు ఫొటోలను పెద్దయెత్తున సేకరించడం మొదలుపెట్టాయి. గ్రీకు ఆలయం గురించో ఫ్రాన్స్‌లోని పాత చర్చి గురించో పాఠం చెప్పాలంటే దాన్ని విద్యార్థి కళ్లతో చూడాలి. తరగతి మొత్తాన్ని అక్కడికి తీసుకుపోవడం కుదరదు కనుక ఆ కట్టడమే ఫొటో రూపంలో తరగతికి వచ్చింది. అలా బోధన కోసం పోగైన చిత్రాలు, క్యాంపస్ చరిత్రకు సాక్ష్యాలుగా మిగిలిన ఫొటోలు కలిసి ఇప్పటి డిజిటల్ సేకరణలయ్యాయి.

ఈ పరిణామం మొత్తం స్పష్టంగా కనిపించే చోటు అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం. న్యూయార్క్ రాష్ట్రంలోని ఇథాకాలో 1865లో ఏర్పడిన ఈ సంస్థలో 1868లో తరగతులు మొదలయ్యాయి. తొలి అధ్యక్షుడు ఆండ్రూ డిక్సన్ వైట్‌కు వాస్తుశిల్పమంటే ప్రాణం. ఆయన చొరవతోనే 1871లో అక్కడ ఆ విద్య ప్రారంభమైంది. తర్వాత జర్మనీలోనూ రష్యాలోనూ అమెరికా దౌత్య ప్రతినిధిగా పనిచేసిన వైట్, కట్టడాల ఫొటోలను, గ్రంథాలను సేకరించి విశ్వవిద్యాలయానికి ఇచ్చారు. ఆయన పేరుతో ఉన్న వాస్తుశిల్ప ఫొటోల సేకరణలో సుమారు 13,000 చిత్రాలున్నాయి. ఆ కాలపు ఫొటోల్లో చాలావాటిని కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద ముద్రించేవారు. అవి గోధుమ వన్నెలో ఉంటాయి. రాతి అంచులు, చెక్కడపు గీతలు మాత్రం వాటిలో ఎంతో సూక్ష్మంగా కనిపిస్తాయి.

కాగితపు ఫొటోను ఒకేసారి ఇద్దరు ముగ్గురికి మించి చూడలేరు. గాజు మీది బొమ్మను వెలుతురుతో తెర మీద పెద్దదిగా పడేలా చేసే మ్యాజిక్ లాంతరు ఆ ఇబ్బందిని తీర్చింది. ఫిలడెల్ఫియాకు చెందిన లాంగెన్‌హైమ్ సోదరులు గాజు మీద ఫొటో ముద్రించే పద్ధతికి 1850లో పేటెంటు పొందడంతో, ఫొటోను గోడంత పెద్దదిగా చూపించడం సాధ్యమైంది. అమెరికాలో వాడిన గాజు స్లైడు మూడుంపావు అంగుళాల ఎత్తు, నాలుగు అంగుళాల వెడల్పు ఉండేది. ఫొటో ఉన్న గాజు మీద చుట్టూ నల్ల కాగితపు చట్రం పెట్టి, గీతలు పడకుండా మరో గాజు కప్పి, నాలుగు అంచులకూ కాగితపు పట్టీ అంటించేవారు. ఒక పక్కన చీటీ మీద కట్టడం పేరు, ఊరు, వరుస సంఖ్య రాసేవారు. ఒక మూలన చిన్న చుక్క ఉండేది. లాంతరు నడిపే మనిషి స్లైడును తలకిందులుగా దూర్చాలి కనుక, బొటనవేలు ఆ చుక్క మీద పడేలా పట్టుకుంటే తెర మీద బొమ్మ సరిగ్గా పడేది. 1901లో బెర్లిన్‌లో ఆచార్యుడైన హైన్‌రిష్ వోల్ఫ్‌లిన్ రెండు చిత్రాలను పక్కపక్కన చూపి పోలుస్తూ బోధించే పద్ధతికి పేరు తెచ్చారు.

1936లో కొడాక్ సంస్థ 35 మిల్లీమీటర్ల కొడాక్రోమ్ ఫిల్మును తేవడంతో రంగుల స్లైడు చేతికందింది. 1961లో వచ్చిన కొడాక్ కేరోసెల్ ప్రొజెక్టర్‌లో గుండ్రటి ట్రేలో 80 స్లైడ్లు వరుసగా అమరేవి. కళాచరిత్ర విభాగాలకు అనుబంధంగా స్లైడు గ్రంథాలయాలు వెలిశాయి. పుస్తకాల్లోని బొమ్మలను ఫొటో తీయడం, చట్రాలకు చీటీలు అంటించడం, కాలం, దేశం, కళాకారుడి పేరు వారీగా సొరుగుల్లో సర్దడం, పాఠం అయ్యాక తిరిగొచ్చినవాటిని మళ్లీ వాటి చోట పెట్టడం అక్కడి సిబ్బంది పని. 2004లో కొడాక్ ఈ ప్రొజెక్టర్ల తయారీ ఆపేసింది. అప్పటికే స్లైడు గ్రంథాలయాలు స్కానర్ల వైపు మళ్లుతున్నాయి.

క్యాంపస్ చరిత్ర ఫొటోల దారి వేరు. పునాదిరాయి వేసిన రోజు, స్నాతకోత్సవం, క్రీడా జట్లు, వసతిగృహాలు, ప్రయోగశాలలు ఇలా ఎవరి అవసరానికి వారు తీయించుకున్నవి కాలక్రమంలో విశ్వవిద్యాలయ ఆర్కైవ్స్‌కు చేరాయి. కూల్చేసిన భవనం ఎలా ఉండేదో, ఏ కాలంలో మహిళలు తరగతుల్లో కనిపించారో వీటిని చూసి చెప్పవచ్చు. కార్నెల్‌లో 1894లో గ్రీకు, రోమన్ శిల్పాల ప్లాస్టర్ నకళ్లతో ఒక మ్యూజియం తెరిచారు. తర్వాతి కాలంలో ఆ నకళ్లు చెదిరిపోయాయి. అలాంటి ప్రదర్శనను ఎలా అమర్చారో తెలియాలంటే నాటి ఫొటోలే ఆధారం.

డిజిటల్ ప్రతుల అవసరానికి మొదటి కారణం పాత పదార్థాల క్షీణత. గాజు పగులుతుంది. నైట్రేట్ ఫిల్ము సులభంగా అంటుకుంటుంది. అసిటేట్ ఫిల్ము వెనిగర్ వాసన వేస్తూ ముడుచుకుపోతుంది. కొన్ని రకాల రంగు స్లైడ్లలో మిగతా రంగులు వెలిసి ఎరుపు వన్నె ఒక్కటే మిగులుతుంది. స్కాన్ చేసేటప్పుడు భద్రపరచడానికి ఒక పెద్ద మూల ప్రతిని, చూడడానికి చిన్న ప్రతులను తయారుచేస్తారు. ఒక్క 35 మిల్లీమీటర్ల స్లైడును అంగుళానికి 4,000 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే కుదించని మూల ప్రతి 60 మెగాబైట్లు దాటుతుంది. పదివేల స్లైడ్లకు 600 గిగాబైట్లకు పైగా చోటు కావాలి. వాటిని ఒకటికి రెండు చోట్ల దాచి, ఫైళ్లు చెడిపోలేదని ఎప్పటికప్పుడు సరిచూడాలి.

స్కాన్ చేయడంతో సగం పనే అవుతుంది. ఇది ఏ కట్టడం, ఏ ఊరు, ఏ వైపు నుంచి తీశారు, ఎప్పుడు, ఎవరు తీశారు అన్న వివరాలే మెటాడేటా. అది లేని చిత్రం వెతికినా దొరకదు, దొరికినా దేనికీ సాక్ష్యం కాదు. పాత చీటీల మీది పొడి మాటలను పూర్తి వివరాలుగా మార్చడం, పొరపాట్లు దిద్దడం విషయం తెలిసినవాళ్లు చేయాల్సిన పని. అందుకే స్కానింగ్ త్వరగా ముగిసినా, వర్ణన ఏళ్ల తరబడి సాగుతుంది.

భారతీయ కట్టడాల విషయంలో ఈ పని మరింత ముఖ్యం. 1965లో వారణాసిలో అమెరికన్ అకాడమీ ఆఫ్ బెనారస్‌గా మొదలై, తర్వాత అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్‌లో భాగమైన కళా పురావస్తు కేంద్రం భారతీయ ఆలయాలు, శిల్పాల ఫొటోలను లక్షకు పైగా కూడబెట్టింది. వాటిలో చాలావాటిని షికాగో విశ్వవిద్యాలయంతో ముడిపడిన డిజిటల్ సౌత్ ఏషియా లైబ్రరీ అందరికీ అందుబాటులోకి తెచ్చింది. మండపం, గోపురం, అధిష్ఠానం వంటి మాటలతో సరైన వర్ణన ఉంటేనే ఇలాంటి సేకరణ పరిశోధకుడికి ఉపయోగపడుతుంది. తీసిన కాలం నమోదు కావడమూ అంతే అవసరం. శ్రీశైలం జలాశయం కారణంగా కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని విప్పి అలంపురానికి తరలించారు. అలాంటి గుడికి తరలింపునకు ముందు తీసిన ఫొటో, తేదీతో సహా దొరికితే, దాని అసలు పరిసరాలకు అది ప్రత్యక్ష సాక్ష్యం.

ఈ చిత్రాలు ఎవరికి అందాలన్నది చివరి ప్రశ్న. స్లైడు గ్రంథాలయాల కాలంలో ఒక సంస్థ సేకరణ మరో సంస్థకు అందేది కాదు. ఆండ్రూ మెలన్ ఫౌండేషన్ 2001లో తలపెట్టిన ఆర్ట్‌స్టోర్ 2004 నుంచి చందా కట్టిన విద్యాసంస్థలకు చిత్రాలను ఉమ్మడిగా అందించింది. చదునైన పాత చిత్రానికి ఉన్నదున్నట్టు తీసిన ఫొటో మీద కొత్త కాపీరైటు పుట్టదని 1999లో న్యూయార్క్‌లోని ఫెడరల్ కోర్టు బ్రిడ్జ్‌మన్ కేసులో తేల్చింది. శిల్పాలు, భవనాల విషయం వేరు. కోణం, వెలుతురు ఎంచుకునేది ఫొటోగ్రాఫరే కనుక ఆ ఫొటోపై అతనికి హక్కు ఉంటుంది. కాలపరిమితి తీరిన ఫొటోలకు ఆ అడ్డంకి లేదు. కార్నెల్ 2009లో ఫ్లికర్ కామన్స్ అనే ఆన్‌లైన్ ఫొటో వేదికలో చేరి వైట్ సేకరణలోని చిత్రాలను ఎవరైనా వాడుకునేలా ఉంచింది. 2011లో స్టాన్‌ఫర్డ్, ఆక్స్‌ఫర్డ్, కార్నెల్ వంటి సంస్థలు మొదలుపెట్టిన ఐఐఐఎఫ్ అనే ఉమ్మడి డిజిటల్ చిత్ర ప్రమాణాల వల్ల వేర్వేరు గ్రంథాలయాల్లోని చిత్రాలను ఒకే తెర మీద పక్కపక్కన పెట్టి పోల్చే వీలు కలిగింది. ఇథాకాలో ఒక తరగతి గది కోసం వైట్ కూడబెట్టిన ఫొటోలను ఇప్పుడు ఏ ఊరి విద్యార్థయినా రుసుము లేకుండా చూడగలడు.