గెలిచిన బండి, అమ్ముడైన బండి

మోటోక్రాస్ సీజన్ ముగింపుకొచ్చిందంటే చాలు, పుకార్లు మొదలవుతాయి. ఫలానా రైడర్ కంపెనీ మారుతున్నాడట, ఫలానా టీమ్‌కి స్పాన్సర్ దొరకలేదట, ఫలానా కంపెనీ రేసుల నుంచే తప్పుకుంటోందట. ఈ మాటలన్నిటి కిందా ఒక పాత నమ్మకం ఉంది: రైడర్ గెలిస్తే బళ్లు అమ్ముడవుతాయి, బళ్లు అమ్ముడవకపోతే టీమ్ ఉండదు. ఆదివారం గెలువు, సోమవారం అమ్ము అని అమెరికా డీలర్లు దాన్ని సామెతే చేసేసుకున్నారు. ఈ సామెత సగమే నిజమని నేననుకుంటాను. గెలుపు తనంతట తానుగా ఏ బండినీ అమ్మలేదు. గెలిచిన బండికీ షోరూంలో నిలబెట్టిన బండికీ మధ్య దూరం తగ్గినప్పుడే అది డబ్బయింది. దూరం పెరిగిన చోట ప్రపంచ ఛాంపియన్ కూడా తన కంపెనీని నిందల నుంచి కాపాడలేకపోయాడు.

ఈ ఆట 1924లో ఇంగ్లండ్‌లోని క్యాంబర్లీ దగ్గర మట్టి గుట్టల మీద పుట్టింది. పెద్ద వ్యాపారంగా మారింది మాత్రం 1960ల చివర, అమెరికాలో. 1966లో ఎడిసన్ డై అనే దిగుమతి వ్యాపారి స్వీడన్ ఛాంపియన్ టోర్‌స్టెన్ హాల్‌మన్‌ను అమెరికాకు పిలిపించాడు. అప్పటికి అక్కడి రైడర్లు నడుపుతున్నవి ఎక్కువగా బరువైన బ్రిటిష్ ఫోర్ స్ట్రోక్ బళ్లు. వాటి మధ్యకి హాల్‌మన్ తేలికపాటి హస్క్‌వర్నా టూ స్ట్రోక్‌తో వచ్చి, చూసినవాళ్లు నోరు వెళ్లబెట్టేలా గెలిచాడు. అతని కింద ఉన్నదాంట్లో రహస్యమేమీ లేదు. దాదాపు అలాంటి బండినే డై డబ్బు తీసుకుని ఇవ్వగలడు. అమెరికాలో హస్క్‌వర్నా పేరు అలా పాకింది.

దీనికి సరిగ్గా ఎదురు కథ సుజుకీది. బెల్జియం రైడర్ జోయెల్ రాబర్ట్ 1970 నుంచి 72 దాకా వరసగా మూడేళ్లు 250 సీసీ ప్రపంచ టైటిల్ ఆ కంపెనీకి తెచ్చిపెట్టాడు. అదే దేశం నుంచి వచ్చిన రోజర్ డి కోస్టర్ 1971, 72, 73లో 500 సీసీ టైటిల్ కొట్టాడు. ప్రచారానికి ఇంతకంటే ఏం కావాలి? కానీ వాళ్ల బళ్లు ఫ్యాక్టరీలో చేత్తో చేసినవి, ఖరీదైన లోహాలతో కండ కరిగించినవి. అదే కాలంలో షోరూంలో సుజుకీ పెట్టిన పెద్ద మోటోక్రాస్ బండి టీఎం 400. యాక్సిలరేటర్ తిప్పితే మొదట ఏమీ జరగదు. ఉన్నట్టుండి ఇంజిన్ శక్తంతా ఒక్కసారి వెనక చక్రం మీద పడుతుంది. ఆ తోపుకి బలహీనమైన ఫ్రేమ్ మెలికలు తిరుగుతుంది, నడిపేవాడు మట్టి కరుస్తాడు. డి కోస్టర్‌ను చూసి మనసు పడి కొన్నవాడి చేతికి వచ్చింది ఇదీ. ఆ బండికి పడిన చెడ్డపేరు ఇవాళ్టికీ పోలేదు. 1975, 76ల్లో ఆర్ఎం వరస బళ్లు వచ్చాకే సుజుకీ షోరూం తన రేసు టీమ్ పక్కన తలెత్తుకుని నిలబడగలిగింది.

ఈ సంగతి హోండా ముందే గ్రహించినట్టుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్లంటే ప్రాణం పెట్టే సోయిచిరో హోండా కంపెనీ 1973లో సీఆర్ 250 ఎల్సినోర్ అనే టూ స్ట్రోక్‌ను అమ్మకానికి తెచ్చింది. ఆకుపచ్చ చారతో మెరిసే వెండిరంగు అల్యూమినియం ట్యాంకు, తేలికైన ఫ్రేమ్. షోరూం నుంచి తీసుకెళ్లి నేరుగా రేసుకు దించదగ్గ బండి. ఆ ఏడే గ్యారీ జోన్స్ దాని మీద అమెరికా 250 సీసీ జాతీయ టైటిల్ గెలిచాడు. ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది: 1971లో వచ్చిన ‘ఆన్ ఎనీ సండే’ సినిమా అప్పటికే కుర్రకారుని ఊపేసింది, స్టీవ్ మెక్వీన్ ఎల్సినోర్ ప్రకటనలో కనిపించాడు, ఆ గాలికి ఏ బండైనా ఎగిరేది కదా? గాలి ఉన్నమాట నిజమే. కానీ ఆ గాలి అందరికీ ఒకేలా వీచింది. అదే గాలిలో టీఎం 400 తిట్లు తింటే, ఎల్సినోర్‌ను జనం ఎగబడి కొన్నారు. యమహా కూడా ఈ పాఠం తెలిసినదానిలాగే నడిచింది. బెల్జియం ఇంజనీరు లూసియన్ టిల్కెన్స్ ఆలోచన కొనుక్కుని, రెండు వెనక షాక్ అబ్జార్బర్ల బదులు ట్యాంకు కింద పొడుగ్గా ఒకటే అమర్చింది. 1973లో హకన్ ఆండర్సన్ దానితో ప్రపంచ టైటిల్ గెలిచాడు. రెండేళ్లు తిరక్కుండానే ఆ మోనోషాక్ వైజెడ్ పేరుతో కొట్లోకొచ్చింది.

సుజుకీ కథ కంటే జర్మనీ కంపెనీ మైకో పతనం ఇంకా బాధాకరం. 1981లో దాని 490 మోడల్‌ను మించిన బండి లేదని రైడర్లు చెప్పుకునేవారు. తర్వాత రెండేళ్లలో హడావిడిగా సింగిల్ షాక్‌కి మారి అమ్మిన బళ్ల వెనక భాగాలు విరగడం మొదలైంది. 1983లో కంపెనీ దివాలా తీసింది. రేసులో సంపాదించిన పేరంతా, కొన్నవాడి చేతిలో ముక్కలైన ఒక్క భాగం ముందు ఎందుకూ కొరగాలేదు.

1986లో అమెరికా రేసుల సంఘం ఏఎంఏ ఈ దూరాన్ని నియమంతోనే కుదించింది. ఫ్యాక్టరీ ప్రత్యేకంగా చేసిన బళ్లు చెల్లవు, అమ్మకంలో ఉన్న బండి ఆధారంగానే రేసు ఆడాలి అంది. లోపల విడిభాగాలన్నీ మార్చుకుంటారు, ఇదంతా కంటితుడుపే అని కొందరంటారు. విడిభాగాలు మారతాయి, కాదనను. అయితే ఫ్రేమ్ సరిగా లేకపోతే ఇకపై ఆ కష్టం కొన్నవాడితో పాటు ఛాంపియన్‌కీ తప్పదు. అసలు విషయం అదే. 1997 హోండా సీఆర్ 250కి కొత్త అల్యూమినియం ఫ్రేమ్ వచ్చింది. అది ఒంటబట్టని సూపర్‌క్రాస్ రారాజు జెరెమీ మెక్‌గ్రాత్ సీజన్ మొదలవబోతుండగా సుజుకీకి వెళ్లిపోయాడు. పుకార్ల రాయుళ్లు జీతం లెక్కలు వేసుకున్నారు. షోరూంకి వెళ్లబోయేవాడికి మాత్రం కబురు ఫ్రేమ్ గురించే. అదే ఏడు లాస్ వెగాస్‌లో డగ్ హెన్రీ యమహా 400 ఫోర్ స్ట్రోక్ నమూనా మీద గెలిచాడు. 1998కల్లా దాని అమ్మకపు రూపం వైజెడ్ 400 ఎఫ్ డీలర్ల దగ్గరుంది. కొన్నేళ్లలో పెద్ద కంపెనీలన్నీ ఫోర్ స్ట్రోక్ దారి పట్టాయి.

ఇక గట్టి అభ్యంతరం కేటీఎం. రయన్ డంజీ 2012లో నడిపిన 450 బండినే ఆ కంపెనీ ఫ్యాక్టరీ ఎడిషన్ పేరుతో జనానికీ అమ్మింది. దూరం అంతకంటే తగ్గదు. అయినా 2024 నవంబరులో దివాలా ప్రక్రియకు దరఖాస్తు పెట్టుకోవలసి వచ్చింది కదా? రేసుల్లో పస తగ్గి వచ్చిన కష్టం కాదది. అమ్ముడయ్యేదాని కంటే ఎక్కువ తయారుచేయడంతో గోదాముల్లో బళ్లు పేరుకుపోయాయి. మంచి బండిని కొనేవాళ్లు ఎందరో తప్పుగా లెక్క వేస్తే దాన్ని ఏ ట్రోఫీ సరిదిద్దలేదు. టీమ్‌లు మూతపడతాయన్న ఊహాగానాల మధ్యే 2025 జనవరిలో డానియెల్ సాండర్స్ కేటీఎం మీద డాకర్ ర్యాలీ గెలిచాడు. కంపెనీని నిలబెట్టిన డబ్బు మాత్రం పుణె నుంచి వెళ్లింది. 2007 నుంచే వాటాదారుగా ఉన్న బజాజ్ ఆటో ఇచ్చిందది. హైదరాబాద్‌లో, విజయవాడలో మన కుర్రాళ్లు నడిపే నారింజరంగు డ్యూక్‌లను చాకన్ ఫ్యాక్టరీలో తయారుచేసే కంపెనీ అదే.