శిశువుల వాచ్యార్థగ్రహణం – లక్షణావృత్తి: పరిశోధన చరిత్ర పరిశీలన

‘గుండె రాయి చేసుకొన్నాడు’ అన్న మాట పెద్దలకు జాతీయం. పసివారికి అది నిజంగా జరిగిన మార్పుగా తోచవచ్చు. ఇట్టి వాచ్యార్థగ్రహణాన్ని ఇరవయ్యో శతాబ్దపు మనోవిజ్ఞానం చాలాకాలం శిశువు బుద్ధికి గల లోపంగా లెక్కించింది. ఆ నిర్ణయాన్ని భారతీయ శబ్దవృత్తి చర్చతో కలిపి పునఃపరిశీలించవలసి ఉన్నది.

1923లో వెలువడిన గ్రంథంలో జీన్ పియాజే, 9–11 ఏళ్ళ పిల్లలు సామెతలకు తగిన వివరణ వాక్యాలను జతపరచడంలో తరచు పొరబడి, ఆ పొరపాటునే సహేతుకంగా సమర్థించుకొంటారని చూపాడు. 1960లో సోలమన్ ఆష్, హారియెట్ నెర్లోవ్‌లు ‘తీపి’, ‘చల్లన’, ‘కఠినం’ వంటి అర్థాలుగల ఆంగ్ల విశేషణాలను పరీక్షించారు. చిన్నపిల్లలు వాటిని వస్తువులకే అన్వయించారు. మనుషుల స్వభావానికి అన్వయించడం తరువాతి దశ. రెండర్థాల నడిమి సంబంధాన్ని వివరించగలగడం ఇంకా తరువాతిది.

1976లో ఎలెన్ విన్నర్, ఆన్ రోజెన్‌స్టీల్, హోవర్డ్ గార్డ్‌నర్‌ల అధ్యయనం ప్రసిద్ధం. చెరసాల కావలివాడు కఠినశిల అయ్యాడన్న వాక్యానికి 6–14 ఏళ్ళ పిల్లలు చెప్పిన అర్థాలను వారు వర్గీకరించారు. మంత్రబలంతో అతడు శిల అయ్యాడనడం ఒకటి. రాతిగోడల చెరలో పనిచేశాడనడం రెండవది. అతని కండలు గట్టివనడం మూడవది. మనసు కఠినమనడం పరిణత గ్రహణం.

ఈ సమాధానాలను మమ్మటుని కావ్యప్రకాశంలోని లక్షణా నిరూపణతో పోల్చదగును. ముఖ్యార్థబాధ, తద్యోగం, రూఢి లేక ప్రయోజనం అక్కడ చెప్పిన హేతువులు. మంత్రాన్ని కల్పించిన శిశువు ముఖ్యార్థబాధను గుర్తించనివాడు కాడు. మనిషి శిల కాలేడని ఎరిగినందువల్లనే మంత్రం అవసరమైంది. అతడు మాట అర్థాన్ని మార్చక లోకాన్ని మార్చాడు. రాతిగోడలను చెప్పిన శిశువు తద్యోగాన్నే వెదికాడు. గంగపై గొల్లపల్లె అన్న ప్రసిద్ధోదాహరణలో గంగాశబ్దం తీరాన్ని బోధించేదీ సామీప్యసంబంధం చేతనే. కండలను చెప్పినవాడు సాదృశ్యమూలకమైన గౌణిని చేరాడు. అయితే కాఠిన్యం అతనికి దేహధర్మంగానే నిలిచింది.

కనుక ఇక్కడ కొరవడినది లక్షణాశక్తి కాదు. ఏ సంబంధం వక్తకు వివక్షితమో నిర్ణయించే లోకానుభవం. 1984లో స్టెల్లా వొస్నియాదు, ఆండ్రూ ఓర్టనీ ప్రభృతులు, వివరణ అడుగక, కథ ముగింపును బొమ్మలతో నటింపజేసి చూశారు. సందర్భం ఊహకందేదైనప్పుడు బడియీడు రాని పిల్లలు సైతం రూపకాన్ని గ్రహించగలరని తేలింది. గ్రహించడం వేరు, గ్రహించినదాన్ని మాటల్లో విప్పడం వేరు.

జాతీయాలకు అర్థం వ్రాయించడమే గ్రహణపరీక్షగా సాగే బోధనకు ఈ భేదం ముఖ్యం. అర్థం వ్రాయలేని బాలుడు దానిని ఎరుగడని తేల్చడానికి ఆధారం చాలదు. అతడు చెప్పిన తప్పర్థంలో ఏ సంబంధాన్ని ఆశ్రయించాడో పరిశీలించినప్పుడే బోధన ఎక్కడ మొదలు కావాలో తెలుస్తుంది.