క్షురధారయు శాణశిలయు

మానవుడు తన చేతి పనికై కల్పించుకొన్న సాధనములలో క్షౌరకత్తి వలె సున్నితమైనది మరియొకటి కానరాదు. గొడ్డలి మొద్దువారినను కట్టె చీలును. చీల్చువాని భుజము నొచ్చుటయే నష్టము. కొడవలి పదును తగ్గినను కోత సాగును; ప్రొద్దు కొంత ఎక్కువగును. క్షౌరకత్తి అట్టిది కాదు. అది మనుష్యుని కంఠము మీద నడచునది. దాని వాదరలో కంటికి కనబడని గంటు ఒక్కటి యున్నను చర్మముపై నెత్తురు కనబడును. కఠోపనిషత్తు ఆత్మజ్ఞాన మార్గమును క్షురధారతో పోల్చుటకు కారణమిదియే. అయితే ఆ ధార ఉక్కునందు తనంతట పుట్టునది కాదు. ఉక్కును మించిన ఓర్పు గల ఒక రాయి దానిని కలిగించుచున్నది. కత్తిని తలచినవారు పెక్కురు; రాతిని తలచినవారు మిక్కిలి కొలదిమంది. ఆ రాతి చరిత్రను ఇచట సంగ్రహముగా చెప్పుట ఉద్దేశము.

మన ‘సాన’ యను మాట సంస్కృతమున ‘శాణ’ శబ్దము నుండి వచ్చినది. అమరకోశము శాణ, నికష, కష శబ్దములను ఒక్కచోట చేర్చినది. నికషమనగా బంగారమును గీచి చూచు ఒరగల్లు. అనగా పదును పెట్టు రాతికిని, మేలిమి తేల్చు రాతికిని మన పెద్దలు ఒకే పేరు వాడిరి. ఇట్టి వింతయే లాటిను భాషయందును కలదు. ఆ భాషలో ‘కోస్’ అనగా సానరాయి. ‘కోటిక్యులా’ అనగా చిన్న సానరాయి. ఈ రెండవ మాటయే ఒరగల్లుకును పేరయినది. దూరదేశములందలి రెండు ప్రజలు ఒకే తీరున తలచుట గమనింపదగినది. రాయి తనను తాకిన లోహము యొక్క గుణమును బయటపెట్టును. మేలిమి గలది మెరయును, లేనిది అరిగిపోవును. భర్తృహరి నీతిశతకమున సానపట్టబడిన మణి చిక్కిపోయియు శోభించునని చెప్పుటయు ఈ భావమునకు చేరువయే.

సానరాతిని గూర్చి మన దేశమున శాస్త్రరీతిగా చెప్పిన ప్రాచీన గ్రంథములలో సుశ్రుతసంహిత ముఖ్యమైనది. శస్త్రవైద్యుడు వాడవలసిన ఇరువది శస్త్రములను పేర్కొనుచు, వంకరపోవుట, మొద్దువారుట, విరుగుట, అంచు గరుకెక్కుట మున్నగు ఎనిమిది దోషములను సుశ్రుతుడు లెక్కించెను. రంపమునకు మాత్రము గరుకుతనము దోషము కాదని మినహాయింపును చూపెను. పదును ఎంత యుండవలయునో అతడు చెప్పిన తీరు మిక్కిలి ముచ్చటైనది. భేదించు శస్త్రము అంచు చిరిసెనగపప్పు అంచు వలె, గీరుదాని అంచు అందులో సగముగా, గ్రుచ్చుదాని అంచు వెండ్రుక వలె, ఛేదించుదాని అంచు వెండ్రుకలో సగముగా ఉండవలెనట. నూరుటకు నునుపైనదియు మినుముల వన్నె గలదియునైన రాయిని, పదును నిలుపుటకు బూరుగు చెక్కను విధించెను. రోమమును తెగగోసినప్పుడే శస్త్రము సిద్ధమైనట్లు గ్రహింపవలెననియు చెప్పెను. రాతిపై నూరి, పిదప మెత్తనిదానిపై అంచును సవరించుట యను రెండు మెట్ల పద్ధతి నేటి వరకు మారలేదు. బూరుగు చెక్క యున్నచోట తోలుపట్టీ వచ్చినదంతే.

పడమటి దేశములలో రోమకుడైన ప్లినీ క్రీస్తుశకము 77 ప్రాంతమున రచించిన ప్రకృతిచరిత్రలో సానరాళ్లను నాలుగు తెగలుగా విభజించెను. నూనె కోరునవి మొదటివి. వానిలో క్రీటు ద్వీపపు రాళ్లు చిరకాలము అగ్రస్థానము వహించెనట. నీరు కోరునవి రెండవవి. వానిలో నాక్సోసు ద్వీపపు రాతికి ఎక్కువ పేరు. సిలీషియా దేశపు రాళ్లు నూనెతోను నీటితోను కూడ పనిచేయునట. నాలుగవ తెగ ఇంకను చిత్రమైనది. అవి క్షౌరశాలలలో మనుష్యుని ఉమ్మితో పనిచేయు రాళ్లు. వానిలో స్పెయిను దేశపు రాళ్లు శ్రేష్ఠములట. ఇంతటి వివరమును వ్రాసిన ప్లినీ 79వ సంవత్సరమున వెసూవియసు అగ్నిపర్వతము ప్రేలిన సమయమున మరణించెను. క్షౌరకుని రాయి తక్కిన రాళ్లకంటె వేరైనదని రెండువేల ఏండ్ల క్రిందటనే లోకము గుర్తించెననుటకు అతని వాక్యములే సాక్ష్యము.

ఆ తరువాతి కాలమున క్షౌరకత్తికి ఐరోపాలో మిక్కిలి పేరుగాంచిన రాయి బెల్జియము దేశమున ఆర్డెను కొండలలో దొరకినది. వియెల్సాల్మ్ పట్టణ పరిసరములలోని ఈ రాయి వెన్నవంటి లేత పసుపు వన్నె కలది. దాని పేరు ‘కోటిక్యూల్’. పైన చెప్పిన లాటిను మాటయే. సుమారు 48 కోట్ల సంవత్సరముల క్రిందట సముద్రపు అడుగున పేరుకొన్న మన్ను కాలక్రమమున రాయిగా మారగా, ఊదావన్నె పలకరాళ్ల నడుమ ఈ పసుపు రాయి సన్నని పొరలుగా ఏర్పడినది. పొర కొన్నిచోట్ల వ్రేలి మందము మాత్రమే యుండును. అట్టి పొరకై నేలలో లోతుగా సొరంగములు త్రవ్వి, దీపపు వెలుతురున రాతిని విడదీసి, పైకి తెచ్చి కోసి నునుపు చేసెడివారు. పసుపు రాయి పెళుసుది గావున, విరిగిపోకుండుటకై దానికి అడుగున నల్లని పలకరాతిని అతికించి అమ్ముట ఆచారము.

ఈ రాతిలోని మర్మమేమి? 1870ల దశకమున రెనార్ అను బెల్జియము దేశపు శాస్త్రజ్ఞుడు దీని పలుచని పొరను సూక్ష్మదర్శినిలో పరీక్షించి, మెత్తని అభ్రకపు జాతి పదార్థము నడుమ లెక్కకు మిక్కిలియైన గార్నెట్టు స్ఫటికములు పొదిగియున్నట్లు వివరించెను. ఒక్కొక్కటి మిల్లీమీటరులో వెయ్యవ వంతులు అయిదు మొదలు పదునైదు వరకు మాత్రమే. మనుష్యుని వెండ్రుక మందము అట్టి వంతులు డెబ్బది ప్రాంతమున నుండును. ఈ స్ఫటికములు ఉక్కును గీయజాలినంత గట్టివి. కాని పలుముఖములు గలిగి ఇంచుమించు గుండ్రముగా నుండుటచే లోతుగా గీయవు. త్వరగా కోయును, పైపైన మాత్రమే గీయును. కర్కశమైనది త్వరగా కోయుటయు, మెత్తనిది నిదానముగా కోయుటయు లోకసహజము. రెండు గుణములు ఒక్కచోట కలియుటయే ఈ రాతి యొక్క విశేషము. గార్నెట్టు తెలుగునేలకు క్రొత్త వస్తువు కాదు. తూర్పుకనుమల ఖోండలైటు రాళ్లలోను, ఉత్తరాంధ్ర సముద్రతీరపు ఇసుకలోను అది విస్తారముగా కలదు. అయితే ఆ గింజలు పెద్దవి. వానితో గరుకుకాగితములు చేయవచ్చును గాని క్షురధారను తీర్చజాలము.

కోటిక్యూల్ ఒక్కటియే కాదు. జర్మనీ దేశమున తురింగియా ప్రాంతపు పలకరాళ్లు, ఇంగ్లండున చార్న్‌వుడ్ అడవి రాళ్లు, జపానులో క్యోటో నగర సమీపపు కొండల రాళ్లు క్షౌరకత్తులకు పేరొందినవి. అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రపు తెల్లరాయి ఇంచుమించు శుద్ధమైన సిలికా, నూనెతో పనిచేయునది. దానికి శాస్త్రజ్ఞులు పెట్టిన ‘నొవాక్యులైటు’ అను పేరు లాటినులో క్షౌరకత్తి యను మాట నుండియే పుట్టినది. తెల్లవారు రాకముందు ఆ దేశపు ఆదివాసులు ఆ రాతితోనే బాణపు ములుకులను చేసికొనిరి.

నూరు విధానము చూచుటకు సులభము, నేర్చుటకు కష్టము. క్షౌరకత్తి వెన్ను మందముగాను, నడుమ బోలుగాను, వాదర పలుచగాను ఉండును. రాతిపై కత్తిని పరుండబెట్టినచో వెన్నును వాదరయు ఒక్కసారిగా రాతిని తాకును. కోణము తనంతట కుదురును. చేయి చేయవలసినది ఆ కోణమును చెడకుండ కాపాడుటయే. చిన్న రాతిముక్కతో నీటిలో రుద్దినచో పాలవంటి గుజ్జు ఏర్పడును. ఆ గుజ్జులో వదులైన స్ఫటికములు మొదట వేగముగా కోయును. పిమ్మట కొంచెము కొంచెముగా నీరు చేర్చుచు గుజ్జును పలుచన చేయుదురు. తుదకు నిర్మలమైన నీరు మాత్రమే మిగులును. అప్పుడు కత్తి బరువు తప్ప చేతి బరువు పడరాదు. నూరునప్పుడు వాదర ముందుగా నడచును. మరలించునప్పుడు వెన్ను మీదనే త్రిప్పవలెను, వాదర మీద త్రిప్పినచో చేసిన పని అంతయు చెడును. ఎక్కువగా నూరినను దోషమే. అంచు సన్నని తీగవలె సాగి మడతపడును. పిదప తోలుపట్టీపై వెన్ను ముందుగా నడపి అంచును సవరింతురు. ఎచ్చట ఆపవలెనో తెలిసికొనుటయే విద్య. ఆ తెలివి రాతిపై కత్తి చేయు సవ్వడిని బట్టియు, చేతికి తోచు పట్టును బట్టియు వచ్చునే గాని మాటలతో రాదు.

రాయి ఎంత మంచిదైనను ఉక్కు మంచిది కానిచో వాదర నిలువదు. ఇచ్చట తెలుగువారికి నిజమైన సంబంధము కలదు. నిజామాబాదు జిల్లా కోనసముద్రమున మూసలలో కరగించి తీసిన ఉక్కుకై పారశీక వర్తకులు అంత దూరము నుండి వచ్చెడివారు. 1820ల ప్రాంతమున వాయ్సీ అను ఆంగ్లేయుడు ఆ పనిని స్వయముగా చూచి వ్రాసిన వృత్తాంతము 1832లో అచ్చయినది. దక్షిణదేశపు ఈ ఉక్కును ఐరోపావారు ‘వూట్జ్’ అనిరి; అది తెలుగు కన్నడములలోని ‘ఉక్కు’ శబ్దపు అపభ్రంశమని పండితులు తలంతురు. 1795లో పియర్సన్ దీనిని గూర్చి లండను రాయల్ సొసైటీకి నివేదించెను. స్టోడార్ట్ అను లండను కత్తులవాడు దీనితో పనిముట్లు చేసెను. ఫారడే పండితుడు స్టోడార్టుతో కలసి 1820 ప్రాంతమున ఈ ఉక్కు మర్మమును శోధించుచు పలు మిశ్రలోహములను చేసెను. అట్టి లోహముతో చేయించిన క్షౌరకత్తులను మిత్రులకు కానుకగా ఇచ్చెడివాడని అతని శిష్యతుల్యుడైన టిండాల్ వ్రాసెను. విద్యుచ్ఛాస్త్రమునకు మూలపురుషుడైన వాని తొలి పరిశ్రమలలో మన కమ్మరుల ఉక్కునకు పాలున్నదన్నమాట.

క్షురవిద్య గృహస్థుల చేతికి వచ్చుట తరువాతి కథ. పారిసు నగరపు కత్తుల పనివాడు పెర్రె 1769లో, పురుషుడు తనకు తానే గడ్డము గీచికొనుట నేర్పు పుస్తకమొకటి ప్రకటించెను. అయినను నూరుట రానివానికి కత్తి యున్నను ప్రయోజనము లేదు. ఆ చిక్కును అమెరికా దేశస్థుడు కింగ్ జిలెట్ మరియొక విధముగా విప్పెను. నూరనక్కరలేని, మొద్దువారినప్పుడు పారవేయదగిన పలుచని బ్లేడును అతడు తెచ్చెను. 1903లో అమ్ముడుపోయినవి 51 కత్తులు, 168 బ్లేడులు మాత్రమే. 1918 నాటికి, మొదటి ప్రపంచయుద్ధమున, అమెరికా ప్రభుత్వము సైనికులకై సుమారు 35 లక్షల కత్తులను కొనెను. యుద్ధము నుండి మరలివచ్చిన సైనికుడు ఆ అలవాటును ఇంటికి తెచ్చెను. సానరాళ్లకు గిరాకి తగ్గెను. ఆర్డెను కొండల సొరంగములు ఒక్కటొక్కటిగా మూతపడి, 1980ల నాటికి త్రవ్వకము నిలిచిపోయెను. 1990ల దశకాంతమున మాత్రము కొలదిమంది పూనికతో చిన్న ఎత్తున మరల ఆరంభమైనది.

మన పల్లెలలోను ఈ మార్పు వచ్చినది, కొంత ఆలస్యముగా. ఊళ్లలో మంగలికత్తి యనబడు ఆ కత్తి, సానరాయి, తోలుపట్టీ, గిన్నె, అద్దము గల పొది క్షురకవృత్తివారి ఇంట తరతరముల ఆస్తిగా నుండెడిది. 1986లో ఎయిడ్సు రోగకారకమైన వైరసు మన దేశమున తొలిసారి బయటపడిన తరువాత, ఒకరికి వాడిన కత్తిని మరియొకరికి వాడుట ప్రమాదమని వైద్యులు హెచ్చరించిరి. బ్లేడు మార్చు కత్తి ఎల్లెడల వ్యాపించెను. అది మేలే, ఆరోగ్యము కంటె ఆచారము గొప్పది కాదు. పాత పద్ధతినే పట్టుకొని కూర్చుండుమని ఎవరును చెప్పరాదు.

అయితే కత్తి పోయినంత మాత్రమున విద్యకు గౌరవము కూడ పోవలెనా యన్నది వేరు ప్రశ్న. సుశ్రుతుడు శస్త్రవైద్యునికి విధించిన ధారను, చదువు పట్టము లేక, చేతి అనుభవముతో ప్రతిదినము సాధించినవారు నాయీబ్రాహ్మణులు. కురుపు కోయుట, గాయమునకు కట్టుకట్టుట, మంత్రసానితనము వంటి పనులు వారి కుటుంబములలో చిరకాలము సాగినవి. వివాహమునకు నాదస్వరమును వారిదే. ఊరివారందరు తమ కంఠమును వారి చేతికి అప్పగించిరి. ఆ నమ్మకమునకు తగిన మన్నన మాత్రము సమాజము వారికి ఈయలేదు. కోటిక్యూల్ రాతికి పుస్తకములు పుట్టినవి, ఆ రాతి పనికై సాల్మ్‌షాటోలో ప్రదర్శనశాల వెలసినది. మన పొదిలోని రాయి ఏ కొండ నుండి వచ్చినదో, దానికి నీరు వాడిరో నూనె వాడిరో వ్రాసి యుంచినవారు లేరు.

ఈ లోపమును తీర్చుట కష్టమైన పని కాదు. ప్రతి ఊరను ఏ అటక మీదనో ఏ పెట్టె అడుగుననో అట్టి రాయి ఒకటి ఇంకను మిగిలియుండవచ్చును. దానిని వాడిన చేతులు కూడ కొన్ని ఇంకను ఉన్నవి. ఊరి గ్రంథాలయము ఆ పెద్దలను ఆహ్వానించి గౌరవించి, వారు చెప్పినది చెప్పినట్లు వ్రాసికొని, రాతిని వారి పేరుతో ఒక అలమారలో ఉంచినచో చాలును. రాయి పేరు, వచ్చిన చోటు, వాడిన తీరు, నేర్పినవారి పేరు అను నాలుగు మాటలు ఒక చీటి మీద నుండవలెను. రజతోత్సవ సంవత్సరమున గ్రంథాలయ సభ్యులు తలపెట్టదగిన పనులలో ఇది యొకటి. ఆ పెద్దలు వృద్ధులగుచున్నారు గావున దీనిని ముందు సంవత్సరమునకు వాయిదా వేయకుండుట మంచిది.