లినక్స్ బూట్ సేవల నిలిపివేత, పునరుద్ధరణ

లినక్స్ కంప్యూటర్ త్వరగా తెరుచుకోవాలని కొన్ని సేవలను ఆపేశాక, యంత్రం నల్లటి తెర దగ్గరో అత్యవసర స్థితిలోనో నిలిచిపోవడం ఒక సమస్య. 2010లో మొదలైన సిస్టమ్‌డి నేడు ఫెడోరా, డెబియన్, ఉబుంటుల్లో ఈ సేవలను నడుపుతోంది.

ఇక్కడ డిసేబుల్‌కూ మాస్క్‌కూ ఉన్న తేడా కీలకం. డిసేబుల్ చేస్తే ఆ సేవను బూట్‌లో పిలిచే లంకెలు మాత్రమే పోతాయి. మరో సేవ అడిగితే అది మళ్లీ లేస్తుంది. మాస్క్ చేస్తే ఎవరు అడిగినా లేవదు. ఎక్కువ ప్రమాదం దీనితోనే. సిస్టమ్‌డి-అనలైజ్ బ్లేమ్ ఆదేశం చూపే సమయాలను నమ్మి సేవలను ఆపడం సరికాదు: సేవలు ఏకకాలంలో మొదలవుతాయి కాబట్టి, ఎక్కువ సమయం తీసుకున్నదే ఆలస్యానికి కారణం కానక్కర్లేదు.

నల్లటి తెర వస్తే మొదట కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కాలి. అక్షరాల లాగిన్ కనిపిస్తే చాలావరకు ఆగింది గ్రాఫికల్ లాగిన్‌ను చూపే డిస్‌ప్లే మేనేజరే. అదీ రాకపోతే, యంత్రాన్ని మళ్లీ మొదలుపెట్టి, బూట్ లోడర్ అయిన గ్రబ్ మెనూలో ‘ఇ’ నొక్కి, ‘లినక్స్’ అని మొదలయ్యే వరుస చివర సిస్టమ్‌డి.యూనిట్=రెస్క్యూ.టార్గెట్ చేర్చి, కంట్రోల్, ఎక్స్ నొక్కాలి. ఈ మార్పు ఆ ఒక్క బూట్‌కే వర్తిస్తుంది, కాబట్టి భయం లేదు. రూట్ ఖాతాకు తాళం ఉండి రెస్క్యూ స్థితి తెరుచుకోకపోతే లైవ్ యూఎస్‌బీతో తెరిచి, క్రూట్ ఆదేశం ద్వారా డిస్కులోని వ్యవస్థలోకి వెళ్లాలి.

తర్వాత సిస్టమ్‌సీటీఎల్ అన్‌మాస్క్, ఎనేబుల్ ఆదేశాలతో సేవను తిరిగి నిలబెట్టవచ్చు. ఏది ఆపారో గుర్తులేకపోతే, చిట్టా డిస్కులో భద్రమై ఉన్నచోట జర్నల్‌సీటీఎల్ -బి -1 గత బూట్ వివరాలను చూపుతుంది.