ఉప్పు పోయింది, ముద్ర మిగిలింది

పెరూ రచయిత హోసే మరియా అర్గెదాస్ 1958లో స్పానిష్‌లో ఒక నవల రాశాడు. పేరు ‘లోస్ రియోస్ ప్రొఫుందోస్’, అంటే లోతైన నదులు. పసితనంలోనే తల్లిని పోగొట్టుకుని, సవతి తల్లి ఇంట్లో పనిచేసే ఆదివాసుల చేతుల్లో పెరిగినవాడాయన. వాళ్ళ కెచువా భాష ఆ నవల నిండా వినిపిస్తుంది.

కథ జరిగేది అబాన్‌కాయ్ అనే చిన్న ఊళ్ళో. ఊళ్ళో జనానికి ఉప్పు దొరకదు, ఎస్టేటు ఆవులకు మాత్రం అందుతుంది. మొక్కజొన్న కల్లు అమ్మే ఆడవాళ్ళు ఫెలిపా వెంట నడిచి ఉప్పు గిడ్డంగి తెరిపిస్తారు, అందరికీ పంచుతారు. ఎస్టేటు కూలీలకూ పంపుతారు. కూలీల ఇళ్ళలోకి చేరిన ఆ ఉప్పును ఎస్టేటు మనుషులు మళ్ళీ లాక్కుంటారు. వెనకే సైన్యం దిగుతుంది.

ఈ కథ మనకు కొత్తది కాదు. ఎరుకల వాళ్ళలో దబ్బ ఎరుకల, కరివేపాకు ఎరుకలతో పాటు ఉప్పు ఎరుకల అనే శాఖ ఉంది. ఆ పేరే ఒక చరిత్ర. కోస్తా ఉప్పును గాడిదల మీద, ఎద్దుల మీద లోపలి ఊళ్ళకు చేర్చి, బదులుగా ధాన్యం తెచ్చుకున్న వర్తకులు వాళ్ళు. 1805లో మద్రాసు రాజ్యంలో ఉప్పు వ్యాపారం కంపెనీ గుత్తాధిపత్యం కిందికి పోయింది. తర్వాత రైళ్ళు వచ్చి బరువు మోసే పని తీసుకున్నాయి. 1882 అటవీ చట్టంతో వెదురుకూ ఆంక్షలు వచ్చాయి. ఇలా బతుకుదెరువు పోయిన సంచారులను సర్కారు అనుమానంగా చూసింది. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజ్యానికీ వచ్చింది. వేలిముద్రలు, పోలీసు హాజరు, ఊరు దాటాలంటే అనుమతి. కొందరిని స్టువర్టుపురం వంటి సెటిల్‌మెంట్లలో ఉంచారు. 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. ఊళ్ళ నోటిలో ముద్ర మాత్రం రద్దు కాలేదు.

బళ్ళో ఉప్పు అనగానే 1930 దండి పాఠం చెబుతాం. చెప్పాల్సిందే. దాని పక్కనే ఉప్పు ఎరుకల పాఠం కూడా చెప్పాలి. దొంగ అనే మాట విన్న పిల్లవాడికి, తన తాతముత్తాతలు ఊళ్ళకు ఉప్పు మోసుకొచ్చిన వర్తకులని తెలియాలి.

అబాన్‌కాయ్‌లో చివరికి ఎవరూ లెక్కచేయని కూలీలే, జ్వరాల కాలంలో కాపలాను లెక్కచేయక వంతెన వైపు కదిలి, నది దాటి ఊళ్ళోకి వస్తారు. వాళ్ళను రాయడానికి అర్గెదాస్ ఉన్నాడు. తిరుపతి, చిత్తూరు పల్లెల్లోని మన పెద్దల దగ్గర కూర్చుని, ఏ దారిన ఉప్పు వచ్చేదో అడిగి రాసుకోవలసింది మనమే.