ఇందూరు సీమయందు మన స్త్రీల చేతిపని

మన పద్మశాలి కులచరిత్రములు మార్కండేయ మహర్షి మొదలుకొని మగ్గముపై కూర్చున్న పురుషునివఱకు విస్తరించి వ్రాయబడినవి. ఆసు పోసినది, కండెలు చుట్టినది, నూలునకు గంజి పట్టించినది స్త్రీయే. అయినను కూలి మగ్గమునకు వచ్చెనుగాని యామె చేతికి రాలేదు. ఆమె కష్టమునకు వేఱుగా లెక్క కట్టినది మన కులవృత్తి కాదు, తునికాకు బీడీ. ఈ మాట కొందఱికి రుచింపకపోవచ్చును.

నేత క్షీణించి పురుషులు షోలాపురమునకు, భీవండికి, పిమ్మట గల్ఫు దేశములకు పోవుచుండగా, నిజామాబాదు, ఆర్మూరు, కామారెడ్డి ప్రాంతముల యిండ్లలో స్త్రీల యొడిలోనికి బీడీచాట వచ్చెను. ఆకు తడిపి, కొలతకు కత్తిరించి, తంబాకు నించి, చుట్టి, మొన మడిచి, దారము కట్టవలెను. దారము కట్టు నేర్పు మనవారికి క్రొత్త కాదు గదా! వేయి బీడీలకింత యని కూలి. బోధను ప్రక్కన శక్కరునగరమున 1937లో నెలకొన్న నిజాం చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. అది నడచిన దినములందును చెఱకుపనికి ఋతువు గలదు, బీడీకి లేదు. అట్లని యీ పనిని పొగడుటకు నా కలము సాగదు. పొగాకు ధూళివలన దగ్గు, వంగి కూర్చుండుటచే నడుమునొప్పి దీని వెంటనే యున్నవి.

కౌటిల్యుని అర్థశాస్త్రమున సూత్రాధ్యక్ష ప్రకరణము చూడుడు. ఇల్లు వెడలని స్త్రీలకు దాసీలచే పని పంపవలెననియు, వారు నూలు తెచ్చినపుడు దీపము నూలు పరీక్షించుటకే యనియు, స్త్రీ ముఖము చూచినను, అన్యప్రసంగము చేసినను దండన యనియు, వేతనకాలము దాటించినచో అంతకు మించిన దండన యనియు విధింపబడినది. కార్ఖానాలో బాగులేవని బీడీలు ఏఱివేసి కూలి కోయుట వినునపుడెల్ల నాకీ ప్రకరణము జ్ఞప్తికి వచ్చును.

1966 నాటి బీడీ కార్మికుల చట్టము ఇంట కూర్చుండి చేయువారినిగూడ కార్మికులుగా నెంచెను. యజమానులు వ్యాజ్యము వేయగా 1974లో సుప్రీంకోర్టు ఆ చట్టమును నిలిపెను. 1976లో సంక్షేమనిధి చట్టము వచ్చెను. తెలంగాణ ప్రభుత్వము బీడీకార్మికుల పింఛనును 2019లో నెలకు 2,016 రూపాయలు చేసినది. దానికి భవిష్యనిధిలో పేరుండుట ఆధారము. ఏండ్లకొలది యొరుల ఖాతాపై చుట్టినవారు చేతులు ముడుచుకొనవలసి వచ్చెను. పుస్తకములో తన పేరుండుట యెంతటి సంపదయో ఆ యిల్లాండ్రే యెఱుగుదురు.

షోలాపురమున బీడీపనివారిలో పెక్కుమంది మన తెలుగు స్త్రీలే. వారు సంఘముగా కూడి పలుయేండ్లు పట్టు విడువకుండగా, కుంభారియందు గోదావరీ పరులేకరు పేర 10,000 గృహములు వెలసి, 2006లో ప్రధాని మన్మోహనసింగుగారిచే అప్పగింపబడెను. ఆ వ్యయములో ప్రభుత్వముల ధనముతోబాటు, వేయింటికింత యను కూలినుండి తీసిన రూపాయలును గలవు.