ఉద్యోగ మౌఖిక పరీక్ష

ఉద్యోగ మౌఖిక పరీక్ష అనగా ఉద్యోగానికి దరఖాస్తు చేసిన అభ్యర్థిని నియామకాధికారులు స్వయంగా కలిసి, ప్రశ్నలడిగి, ఆ పనికి తగినవారో కాదో నిర్ణయించే ప్రక్రియ. వాడుకలో దీనిని ఇంటర్వ్యూ అంటారు. వ్రాతపరీక్ష ప్రధానంగా విషయ పరిజ్ఞానాన్ని కొలుస్తుంది. మౌఖిక పరీక్షలో అభ్యర్థి తన గురించి తాను వ్రాసి ఇచ్చిన విషయాలకు ఎంతవరకు నిలబడగలరో తెలుస్తుంది. అందువలన దీనికి తయారీ దరఖాస్తు నింపిన రోజునే మొదలవుతుంది. నియామకపత్రం చేతికి అందేవరకు కొనసాగుతుంది. ఈ వ్యాసంలో ఉదాహరణలను ఎక్కువగా శ్రీకాకుళం జిల్లా నుండి తీసుకోవడం జరిగింది.

నేపథ్యం

భారతదేశంలో రాష్ట్రస్థాయి సర్వీసు కమిషన్లలో మొదటిది 1929లో ఏర్పడిన మద్రాసు సర్వీసు కమిషన్. ఆంధ్ర రాష్ట్రం 1953లో ఏర్పడినప్పుడు ప్రత్యేక కమిషన్ వచ్చింది. 1956లో అది హైదరాబాదు కమిషన్‌తో కలిసి ఆంధ్ర ప్రదేశ్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ అయింది.

మౌఖిక పరీక్షలో పక్షపాతానికి అవకాశం ఉందన్న విమర్శ మొదటినుండీ ఉన్నది. హర్యానా సివిల్ సర్వీసు నియామకాలకు సంబంధించిన అశోక్ కుమార్ యాదవ్ కేసులో 1985లో సుప్రీంకోర్టు తీర్పునిస్తూ, సాధారణ అభ్యర్థుల విషయంలో మౌఖిక పరీక్ష మార్కులు 12.2 శాతాన్ని మించరాదని సూచించింది. 2016 జనవరి 1 నుండి కేంద్ర ప్రభుత్వంలో గ్రూప్-సి, నాన్ గెజిటెడ్ గ్రూప్-బి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలను తొలగించారు. ఆంధ్ర ప్రదేశ్‌లో గ్రూప్-1 ఇంటర్వ్యూలను 2021లో రద్దు చేసి, 2022 నాటి ప్రకటనలో 75 మార్కులతో తిరిగి చేర్చారు. తెలంగాణలో 2022లో గ్రూప్-1, గ్రూప్-2 ఉద్యోగాలకు వీటిని తొలగించారు. కాబట్టి ఏ ఉద్యోగానికైనా ముందుగా ప్రకటనను పూర్తిగా చదివి, ఇంటర్వ్యూ ఉన్నదీ లేనిదీ, దానికి ఎన్ని మార్కులో తెలుసుకోవాలి.

రకాలు

* బోర్డు ఇంటర్వ్యూ: అధ్యక్షుడు, కొందరు సభ్యులు కలిసి ప్రశ్నిస్తారు. సివిల్ సర్వీసుల వ్యక్తిత్వ పరీక్ష ఇటువంటిది. ఇందులో మొత్తం 2025 మార్కులకు 275 మార్కులు దీనికే ఉంటాయి.
* సాంకేతిక ఇంటర్వ్యూ: చదువుకున్న విషయంపై, చేసిన ప్రాజెక్టుపై ప్రశ్నలుంటాయి. ఇంజనీరింగు కళాశాలల ప్రాంగణ నియామకాలలో ఇది తప్పనిసరి.
* హెచ్.ఆర్. ఇంటర్వ్యూ: స్వభావం, జీతం, పని ప్రదేశం వంటి విషయాలు మాట్లాడతారు.
* వాక్-ఇన్: ప్రకటించిన తేదీన నేరుగా వెళ్ళి హాజరు కావడం.

అందరు అభ్యర్థులనూ ఒకే ప్రశ్నలు ఒకే క్రమంలో అడిగి, ఒకే కొలమానంతో మార్కులు వేసే పద్ధతి, ఇష్టం వచ్చినట్లు సాగే సంభాషణ కంటే పనితీరును బాగా అంచనా వేస్తుందని ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ 1998లో ప్రచురించిన సమీక్ష తెలిపింది.

తయారీ

సొంత దరఖాస్తు: దరఖాస్తులో వ్రాసిన ప్రతి పదమూ ఒక ప్రశ్న కాగలదు. దాని ప్రతిని దగ్గర ఉంచుకొని, ఒక్కొక్క పంక్తికి మూడు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. అభిరుచుల వద్ద "పుస్తక పఠనం" అని వ్రాసినవారు ఇటీవల చదివిన పుస్తకం గురించి చెప్పలేకపోతే మిగిలిన వివరాలపై కూడా నమ్మకం తగ్గుతుంది.

స్వస్థలం: బోర్డు ఇంటర్వ్యూలలో స్వస్థలంపై ప్రశ్నలు సర్వసాధారణం. ఉదాహరణకు శ్రీకూర్మం నుండి వచ్చిన అభ్యర్థి అక్కడ కూర్మనాథస్వామి ఆలయం ఉన్నదని చెప్పి ఊరుకుంటే చాలదు. మూలవిరాట్టు పశ్చిమాభిముఖంగా ఉండడం, తూర్పు పడమరలలో రెండు ధ్వజస్తంభాలు ఉండడం, నరహరి తీర్థుల 1281 నాటి శాసనం తెలిసి ఉండాలి. ఆలయంలో పెంచే నక్షత్ర తాబేళ్ళు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలోకి వస్తాయి. కనుక భక్తికీ చట్టానికీ సమన్వయం ఎలా అన్న ప్రశ్న రావచ్చు. అదేవిధంగా పొందూరు వారు ఖాదీ గురించి, పలాస వారు జీడిపప్పు పరిశ్రమ గురించి, ఉద్దానం వారు అక్కడి మూత్రపిండాల వ్యాధి గురించి కనీస వివరాలు తెలుసుకొని ఉండాలి.

అనుభవం: చేసిన పనిని చెప్పేటప్పుడు పరిస్థితి, తన పాత్ర, ఫలితం అనే క్రమం మేలు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటిన తరువాత సహాయక చర్యలలో పాల్గొన్న విద్యార్థి "సేవ చేశాను" అనడం కంటే, ఏ గ్రామంలో, ఎన్ని రోజులు, ఏ పని చేసినదీ చెప్పడం మంచిది. చేయని పనిని చెప్పుకుంటే రెండవ ప్రశ్నకే బయటపడుతుంది.

ధ్రువపత్రాలు: పదవ తరగతి మార్కుల జాబితా మొదలు డిగ్రీ వరకు అసలు పత్రాలు, నకళ్ళు, స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువీకరణ పత్రం సిద్ధం చేసుకోవాలి. ఒక పత్రంలో ఇంటిపేరు పూర్తిగా, మరొక దానిలో పొడి అక్షరంగా ఉండడం తరచుగా ఇబ్బంది కలిగిస్తుంది. పేరు, పుట్టినతేదీ తేడాలను సరిచేయించడానికి సమయం పడుతుంది గనుక పిలుపు వచ్చేవరకు ఆగరాదు.

ప్రయాణం: శ్రీకాకుళం రోడ్డు రైల్వేస్టేషను పట్టణంలో కాక ఆమదాలవలసలో ఉన్నది. గ్రామాలనుండి వచ్చేవారు ఈ అదనపు ప్రయాణాన్ని లెక్కలోకి తీసుకోవాలి. దూరప్రాంతమైతే ముందురోజే చేరుకోవడం క్షేమం.

భాష

తెలుగు మాధ్యమంలో చదివినవారికి ఎక్కువ భయం కలిగించేది ఆంగ్లమే. సివిల్ సర్వీసుల ప్రధాన పరీక్షను తెలుగులో వ్రాసినవారు ఇంటర్వ్యూకు కూడా తెలుగును ఎంచుకోవచ్చు. కమిషన్ దుబాసీని ఏర్పాటు చేస్తుంది. శ్రీకాకుళం జిల్లా పారసంబ గ్రామానికి చెందిన రోణంకి గోపాలకృష్ణ ప్రభుత్వ ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ, తెలుగు సాహిత్యం ఐచ్ఛికాంశంగా పరీక్ష వ్రాసి, ఇంటర్వ్యూను కూడా తెలుగులోనే ఎదుర్కొన్నారు. 2017 మే 31న వెలువడిన 2016 పరీక్ష ఫలితాలలో ఆయనకు దేశంలో మూడవ ర్యాంకు లభించింది.

దుబాసీ ఉన్నప్పుడు వాక్యాలు చిన్నవిగా ఉండాలి. సామెతలు, యాస పదాలు అనువాదంలో అర్థం కోల్పోతాయి. ఆంగ్లంలోనే జరిగే ప్రైవేటు ఇంటర్వ్యూలలో పెద్ద పదాల కంటే తప్పులేని చిన్న వాక్యాలు మేలు. ఉచ్చారణలో ఉత్తరాంధ్ర యాస వినిపించడం లోపం కాదు. అర్థం కాకపోవడమే లోపం.

ఇంటర్వ్యూ గదిలో

ప్రశ్నను పూర్తిగా విన్న తరువాతే జవాబు చెప్పాలి. తెలియని విషయాన్ని తెలియదని ఒప్పుకోవాలి. ఊహించి చెప్పేటప్పుడు అది ఊహ అని చెప్పాలి. సభ్యులు విభేదించినప్పుడు కారణం చూపి తన అభిప్రాయంపై నిలబడవచ్చు, లేదా సరిదిద్దుకోవచ్చు. రెండూ తప్పు కాదు. చివరలో అవకాశమిస్తే పని స్వభావం గురించి, ఫలితం తెలిపే గడువు గురించి అడగవచ్చు.

ఇంటర్వ్యూ తరువాత

ఇక్కడ ప్రభుత్వ, ప్రైవేటు రంగాల పద్ధతులు పూర్తిగా వేరు. ప్రైవేటు సంస్థకు ఒకటి రెండు రోజులలో కృతజ్ఞతలు తెలుపుతూ చిన్న ఉత్తరం వ్రాయడం మర్యాద. దానిలో ఇంటర్వ్యూలో మాట్లాడిన ఒక విషయాన్ని గుర్తుచేయవచ్చు. సగంలో ఆగిన జవాబును రెండు వాక్యాలలో పూర్తిచేయవచ్చు. చెప్పిన గడువు దాటితే ఒకసారి గుర్తుచేయవచ్చు. రోజూ ఫోను చేయడం వలన మేలు జరగదు.

పబ్లిక్ సర్వీస్ కమిషన్ల విషయంలో సభ్యులను కలవడం, ఉత్తరాలు వ్రాయడం, సిఫార్సు చేయించడం అనర్హతకు దారితీస్తాయి. అక్కడ చేయవలసినది ఫలితం కోసం వేచి ఉండడం, అడిగిన పత్రాలను గడువులోగా పంపడం మాత్రమే. ఫలితాల తరువాత సివిల్ సర్వీసుల అభ్యర్థుల మార్కులను కమిషన్ ప్రకటిస్తుంది. తరువాతి ప్రయత్నానికి అవి దారి చూపుతాయి.

ఫలితం ఎలా ఉన్నా, ఇంటర్వ్యూ జరిగిన సాయంత్రమే అడిగిన ప్రశ్నలనూ తాను చెప్పిన జవాబులనూ వ్రాసిపెట్టుకోవడం మంచి అలవాటు. నియామకపత్రం వస్తే సంతకానికి ముందు జీతం, పని ప్రదేశం, శిక్షణ కాలం, ఒప్పంద పత్రం షరతులు చదవాలి.

జాగ్రత్తలు

ఉద్యోగం ఆశ చూపి డబ్బు గుంజే ముఠాలు ఇంటర్వ్యూ పూర్తయి ఫలితం కోసం ఎదురుచూసేవారినే లక్ష్యంగా చేసుకుంటాయి. డిపాజిట్, శిక్షణ రుసుము, యూనిఫారం ఖర్చు వంటి పేర్లతో ముందుగా డబ్బు అడిగితే అనుమానించాలి. అసలు ధ్రువపత్రాలను పరిశీలనకు చూపించాలే గాని ఎవరివద్దా వదిలిపెట్టరాదు. ఆన్‌లైన్ ద్వారా మోసపోయినవారు వెంటనే జాతీయ సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930కి తెలియజేయాలి.

ఇవి కూడా చూడండి

* ఆంధ్ర ప్రదేశ్ పబ్లిక్ సర్వీస్ కమిషన్
* సివిల్ సర్వీసుల పరీక్ష
* శ్రీకూర్మం
* శ్రీకాకుళం జిల్లా